వినియోగ పత్రం

మార్చి ఇరవై ఏడున, సాయంత్రం నాలుగూ ఇరవైకి
డబ్బులు పడ్డాయి.
మూడో విడత. పోయిన జూన్‌లో రావాల్సింది.
ముప్పై ఒకటి దాటితే
వచ్చిన దారినే పోతాయట.

నాలుగు రోజులు. అందులో ఒకటి ఆదివారం.

మూడేసి కొటేషన్లకి పిన్ను కొడుతూ
అకౌంట్స్ సెక్షన్ బల్ల ముందు నిలబడ్డాను.
మిథనాల్. గాజు సామాను.
హెచ్‌పీఎల్‌సీకి కాలమ్ ఒకటి, ఎనభై ఆరు వేలు.
గుమాస్తా రిజిస్టరులో "కాలం, ఒకటి" అని రాసుకున్నాడు.
దిద్దబోయి ఊరుకున్నాను.
దొరికితే అదే కొనేదాన్ని.

డిపార్ట్‌మెంట్ గేటుకి ఫ్లెక్సీ కట్టారు.
మజ్జి ధర్మారావు గారికి కోటీ ఇరవై లక్షల ప్రాజెక్టు,
భాగీరథి మేడమ్‌కి పేటెంటు,
నిన్నగాక మొన్న చేరిన షకీరాకి జర్మనీ పిలుపు.
సంతోషమే. నిజంగా సంతోషమే.
చివరి వరసలో నేనూ ఉన్నాను,
పదేళ్ల కిందటి ఫోటోలో.
కింద ఏం రాయాలో తోచక
"కృషి" అని రాశారు.

"ఈ ఏడాది మీరు సాధించినవి, ఒక్క లైనులో"
అని హెడ్ గారి ఫారం టేబుల్ మీద ఉంది.

ఒక్క లైనులో ఏం చెప్పను?
వాల్తేరు ఉప్పుగాలికి మా త్రాసు
రోజూ రెండు మిల్లీగ్రాములు అబద్ధమాడుతుందనీ,
దాని పక్కన పెట్టిన సిలికా గింజలు
సోమవారం నీలంగా ఉండి గురువారానికి గులాబీ అవుతాయనీ,
వాటిని ఓవెన్‌లో వేయించి మళ్లీ నీలం చేయడమే
మూడేళ్లుగా పొద్దున్నే నా మొదటి పని అనీ?

అక్టోబరులో ఎలకల మేత అయిపోయింది.
మా ఫైలు అప్పటికి
ఢిల్లీలో ఏ బల్ల మీద నిద్రపోతోందో.
దాలయ్య ఆనందపురం అవతల
ఏదో ప్రైవేటు కాలేజీలో తమ్ముడి వరసవాణ్ణి పట్టుకుని
రెండు బస్తాలు అరువు తెచ్చాడు,
టీవీఎస్ మీద, ముసురులో,
తన రెయిన్‌కోటు బస్తాలకి కప్పి.
"ఆటికేటి తెలుసు మేడమ్ మీ విడతలు?
ఆకలేత్తే కూత్తాయి, అంతే."
రసీదు లేదు.
వినియోగ పత్రంలో ఆ రెండు బస్తాలు లేవు.
పేపర్లో ఐదుగురి పేర్లున్నాయి, దాలయ్య లేడు.

పేపరంటే,
ఫలితం రాలేదని రాసిన పేపరు.
పాడేరు కొండమీద పాంగి జమున చూపించిన తీగ
ఎలక పాదం వాపుని పిసరంతైనా తీయలేదు.
నాలుగు పత్రికలు వెనక్కి పంపాయి.
లేదని తేలడం కూడా తేలడమేనని
ఐదోవాడు ఒప్పుకున్నాడు, మొహమాటంగా.

ఆ రాత్రి పాత నోట్సు తిరగేస్తే
నా చేతిరాతలోనే ఉంది, మొదటి రోజుది.
జమున అంది: "వాపుకి కాదమ్మా,
పిల్లలు నిద్దట్లో ఉలికిపడితే ఇస్తాం. భయానికి."
విన్నాను. రాసుకున్నాను.
ప్రపోజల్‌లో మాత్రం వాపు అని పెట్టాను.
ఆ ఏడు వాపుకే డబ్బులిస్తున్నారు.

అన్నీ పోగా మిగిలింది ఆరు వేల నాలుగొందలు.
పూర్ణా మార్కెట్ వెనక వడ్రంగి
ఆదివారం కొట్టు తెరిచి
నేను గీసిన బొమ్మ ప్రకారం చెక్క కోసి బిగించాడు:
కూడలిలా నాలుగు దారులు,
రెంటికి గోడలు, రెంటికి లేవు.
ఏ చర్చికమ్మా అని అడిగాడు.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే
కారిడార్‌లో నిలబెట్టాం.
కమిటీ అనుమతి వచ్చేదాకా ఎలకని వదలొద్దన్నాను.
దాలయ్య చుట్టూ తిరిగి చూశాడు.
"ఇందులో బయ్యం ఎక్కడుంటాది మేడమ్?"
"గోడలు లేని వైపు."
కాసేపు ఆ వైపే చూసి,
తుండుతో చెక్కపొట్టు దులిపి,
"బిల్లుందా మరి?" అన్నాడు.